ఒక్కరి వల్ల ఏమవుతుంది?

టీకాల రోజున ఏ ఆసుపత్రిలోనైనా తరచుగా వినిపించే మాట ఒకటుంది. "ఊళ్లో పిల్లలందరికీ వేయించారు కదండీ, మా బాబు ఒక్కడికి వేయించకపోతే ఏమవుతుంది?" అలా అడిగే తల్లిని తప్పుపట్టలేం. సూది వేస్తే బిడ్డకు జ్వరం వస్తుందని, రాత్రంతా ఏడుస్తాడని ఆమె దిగులు. పైగా ఆ ప్రశ్న వినడానికి సబబుగానే ఉంటుంది. వేయి మందిలో ఒక్కడు ఏ లెక్కలోకి వస్తాడు?

"వేయించాలమ్మా, అంతే" అని జవాబు చెప్పి పంపేయవచ్చు. కానీ ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలియాలంటే సైన్సులో ఒక ఆసక్తికరమైన విషయం తెలుసుకోవాలి. శాస్త్రవేత్తలు దాన్ని "సంక్లిష్ట వ్యవస్థల" అధ్యయనం అంటారు. పేరు చూసి బెదరకండి. దీనికి మొదటి పాఠం మన వంటింట్లోనే ఉంది.

చీమల బారు చెప్పే పాఠం

బెల్లం డబ్బా మూత సరిగా పెట్టకపోతే తెల్లారేసరికి చీమల బారు కనిపిస్తుంది. గోడ పగులు నుండి డబ్బా దాకా గీత గీసినట్టు ఉంటుంది. ఆ దారి వేసింది ఎవరు? చీమలకు మేస్త్రీ లేడు. రాణిచీమ పుట్టలో గుడ్లు పెడుతుందే తప్ప ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వదు. ఒక్కో చీమకు తెలిసింది చాలా తక్కువ. తిండి దొరికితే తిరిగి వచ్చేటప్పుడు నేల మీద వాసన వదలాలి. వాసన తగిలితే అటువైపు నడవాలి. ఇంచుమించు అంతే.

బెల్జియం దేశంలోని బ్రసెల్స్‌లో కొందరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి, 1989లో ఫలితాలు ప్రకటించారు. చీమల గూటికీ తిండికీ మధ్య రెండు దారులున్న చిన్న వంతెన పెట్టారు. ఒక దారి పొట్టిది, ఇంకొకటి పొడుగుది. మొదట చీమలు రెండు దారుల్లోనూ తిరిగాయి. కాసేపటికి దాదాపు అన్నీ పొట్టి దారికే మళ్లాయి. ఏ చీమా దారులను కొలవలేదు. పొట్టి దారిన వెళ్లిన చీమలు ముందుగా తిరిగి వచ్చాయి, అందుకని ఆ దారిలో వాసన ముందుగా చిక్కబడింది. ఆ వాసనకు ఇంకొన్ని వచ్చాయి, వాసన ఇంకా పెరిగింది. దగ్గరి దారి ఏదో ఒక్క చీమకూ తెలియదు. పుట్టకు మాత్రం తెలిసింది!

అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా తేలింది. మొదట పొడుగు దారి ఒక్కటే పెట్టి, చీమలు దానికి అలవాటు పడ్డాక పొట్టి దారి తెరిస్తే, చాలాసార్లు అవి పాత దారినే పట్టుకుని ఉండిపోయాయి. కాబట్టి గుంపు ఎప్పుడూ మంచి దారే ఎంచుకుంటుందని అనుకోకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

విడదీస్తే కనిపించనిది

గడియారంలో కూడా ఎన్నో భాగాలుంటాయి. కానీ దాన్ని విప్పి ఒక్కో చక్రం పని తెలుసుకుంటే మొత్తం గడియారం అర్థమైనట్టే. ఏ చక్రం అరిగితే ఆ చక్రం మార్చవచ్చు. చీమల పుట్ట అలా కాదు. ఒక చీమను పట్టి ఎంత పరీక్షించినా అందులో "బారు" కనిపించదు. చాలా చీమలు కలిసి, ఒకదాని పని మీద ఇంకొకటి ఆధారపడినప్పుడే బారు పుడుతుంది. ఇలా విడివిడి భాగాల్లో లేకుండా, అవి కలిసినప్పుడు కొత్తగా పుట్టే గుణాన్ని "ఆవిర్భావ గుణం" అంటారు. అలాంటి గుణాలు పుట్టే వ్యవస్థే సంక్లిష్ట వ్యవస్థ.

ఆదివారం గుడిలో పాట పాడేటప్పుడు గమనించండి. అందరూ నిదానంగానే మొదలుపెడతారు. మూడో చరణానికి వచ్చేసరికి పాట వేగం పెరిగిపోయి ఉంటుంది. "ఎవరు తొందరపెట్టారు?" అని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నిజమే, ఎవరూ తొందరపెట్టలేదు. ప్రతివారూ పక్కవారి గొంతును అందుకోబోయారు, అంతే. ఆ వేగం ఏ ఒక్కరిదీ కాదు, కూడిన వారందరిదీ.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1972లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతే వివరించాడు. సంఖ్య పెరిగితే పరిమాణం ఒక్కటే పెరగదు, గుణం కూడా మారుతుందన్నది దాని సారాంశం. సంక్లిష్ట వ్యవస్థలను అర్థం చేసుకోవడానికి దారి చూపినందుకు 2021లో ముగ్గురు శాస్త్రవేత్తలకు, మనాబే, హాసెల్‌మాన్, పరీసీలకు, భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మీ గుండెలో జరుగుతున్నది

ఇప్పుడు మీ ఛాతీ మీద చెయ్యి పెట్టండి. లబ్ డబ్ అంటూ గుండె కొట్టుకుంటోంది కదా. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే ఈ గుండెకు తాళం వేసేది ఎవరు? గుండె కుడి పై గది గోడలో ఒక చిన్న కణజాలం ఉంది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు 1907లో దాన్ని గుర్తించారు. డాక్టర్లు దాన్ని ఎస్.ఏ. నోడ్ అంటారు. అందులో సుమారు 10,000 కణాలు తాళం వేసే పనిలో ఉంటాయి. వాటిలో నాయకుడైన కణం అంటూ లేదు. ఒక్కోదానికి తన సొంత వేగం ఉంటుంది. కానీ పక్క కణంతో విద్యుత్తు పంచుకోవడం వల్ల త్వరపడేది కాస్త తగ్గుతుంది, వెనకబడేది కాస్త అందుకుంటుంది. అలా అన్నీ ఒకే తాళానికి వస్తాయి. ఒక కణం చనిపోయినా తాళం ఆగదు. నాయకుడు లేకపోవడమే ఇక్కడ బలం.

ఇదే పొందిక చెడితే ఏమవుతుందో కూడా గుండే చూపిస్తుంది. గుండెపోటు వచ్చినప్పుడు కొందరిలో గుండె కింది గదులు కొట్టుకోవడం మాని, వణకడం మొదలుపెడతాయి. దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆ క్షణంలో గుండె కండరంలోని కణాలు చాలావరకు బతికే ఉంటాయి. అవి ముడుచుకుంటూనే ఉంటాయి. కానీ ఒకటి ముడుచుకునేటప్పుడు ఇంకొకటి సాగుతుంది. రక్తం ముందుకు కదలదు. మనిషి కుప్పకూలిపోతాడు. కణాలు ఉన్నాయి, వాటి మధ్య పొందిక పోయింది. ప్రాణం పోయేది అందువల్లనే.

దీనికి చికిత్స కూడా అలాంటిదే. కణాలను ఒక్కొక్కటిగా బాగుచేయరు. ఛాతీ మీద షాక్ ఇచ్చి అన్నిటినీ ఒక్కసారిగా ఊరుకునేలా చేస్తారు. ఆ నిశ్శబ్దంలో తాళం మళ్లీ మొదలవుతుంది. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో క్లాడ్ బెక్ అనే సర్జన్ 14 ఏళ్ల కుర్రవాడి గుండెకు ఇలా షాక్ ఇచ్చి బతికించాడు. మనిషికి ఈ చికిత్స ఫలించడం అదే మొదలు. (మీ ఎదుట ఎవరైనా హఠాత్తుగా కూలిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి తీసుకోకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించండి. అంబులెన్సు వచ్చేవరకు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.)

సికింద్రాబాదులో మొదలైన లెక్క

గుండె కణాలకు వర్తించే సూత్రం ఊరికీ వర్తిస్తుందా? వర్తిస్తుంది. ఆ సంగతిని మొదట లెక్కవేసి చూపినవారిలో ఒకరికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. ఆయనే రోనాల్డ్ రాస్. సైన్యంలో డాక్టరుగా సికింద్రాబాదులో ఉన్నప్పుడు, 1897 ఆగస్టు 20న, ఎనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది.

తర్వాతి కథ అంతగా తెలియదు. దోమల్ని తగ్గిస్తే మలేరియా పోతుందని రాస్ చెబితే చాలామంది పెదవి విరిచారు. "దోమలన్నిటినీ ఎవరు చంపగలరు? కొన్నయినా మిగులుతాయి కదా" అన్నారు. రాస్ కాగితం మీద లెక్క వేశాడు. ఒక రోగిని కొన్ని దోమలు కుడతాయి. వాటిలో పరాన్నజీవి పెరిగి సిద్ధం కావడానికి సుమారు పది రోజులో, అంతకు మించో పడుతుంది. ఈలోగా చాలా దోమలు చనిపోతాయి. మిగిలినవి మళ్లీ మనిషినే కుట్టాలి. అంటే ఒక రోగి నుండి సగటున ఒకరికంటే తక్కువ మందికి జబ్బు చేరేలా దోమలు తగ్గితే చాలు. అక్కడి నుండి జబ్బు తనంతట తానే ఆరిపోతుంది. చివరి దోమ దాకా వెతికి చంపనక్కరలేదు. ఒక హద్దు ఉంది, ఆ హద్దు దిగువకు తేవాలి. అదే ఆయన చెప్పిన కొత్త సంగతి.

1901లో రాస్‌తో కలిసి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వెళ్లిన మెకెండ్రిక్ అనే యువ డాక్టరుకు కూడా ఈ లెక్కల మీద ఆసక్తి కలిగింది. ఆయన చాలా ఏళ్లు ఇండియాలోనే పనిచేశాడు, కసౌలీలోని పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతిగా ఉన్నాడు. తర్వాత స్కాట్లాండులో కెర్మాక్ అనే శాస్త్రవేత్తతో కలిశాడు. కెర్మాక్ 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నవాడు. ఆ ఇద్దరూ 1927లో ప్రకటించిన వ్యాసంలో 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో తమ సూత్రాన్ని పోల్చి చూశారు. అంటువ్యాధి ఎందుకు ఆగుతుంది? జబ్బు సోకడానికి ఇక ఎవరూ మిగలనందువల్ల కాదని వాళ్లు చూపారు. రక్షణ లేనివారి సంఖ్య ఒక హద్దు కంటే తగ్గిపోవడం వల్ల అది ఆగుతుంది. ఇంకా సోకని మనుషులు మిగిలి ఉండగానే వ్యాధి ఆగిపోతుంది.

అంటే జ్వరం ఒక మనిషిలో ఉంటుంది. "అంటువ్యాధి" మాత్రం ఏ ఒక్క మనిషిలోనూ ఉండదు. అది మనుషుల మధ్య ఉంటుంది. చీమల బారులాగే అది కూడా ఒక ఆవిర్భావ గుణం.

తట్టు లెక్క

ఇప్పుడు తట్టు జబ్బును చూద్దాం. ఇది గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఎవరికీ రక్షణ లేని చోట ఒక రోగి నుండి 12 నుండి 18 మందికి అంటుకోగలదు. సులభంగా ఉండటానికి 15 అనుకుందాం. జబ్బు ఆరిపోవాలంటే ఆ 15 మందిలో కనీసం 14 మందికి రక్షణ ఉండాలి. అప్పుడు ఒక రోగి నుండి ఒక్కరికే చేరుతుంది. అంతకంటే ఎక్కువ మందికి రక్షణ ఉంటే ఒక్కరికి కూడా చేరకుండా గొలుసు తెగిపోతుంది. 15లో 14 అంటే నూటికి సుమారు 93. అందుకే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలని ఆరోగ్య సంస్థలు పట్టుబడతాయి.

ఇక్కడే ఆ తల్లి ప్రశ్నలోని పొరపాటు తెలుస్తుంది. నూటికి 95 నుండి 85కి దిగితే రక్షణ పదో వంతు మాత్రమే తగ్గిందని మనం అనుకుంటాం. కానీ హద్దు దాటితే జరిగేది వేరు. కుండలో నీళ్లు వేడెక్కుతున్నంతసేపూ నీళ్లుగానే ఉండి, ఒక వేడి దగ్గర ఒక్కసారిగా మరుగుతాయి కదా, అలాగే నిన్నటిదాకా లేని జబ్బు ఊరంతా చుట్టుకుంటుంది.

ఇంకొక సంగతి. జిల్లా మొత్తం మీద నూటికి 95 మందికి టీకా పడినా, పడని ఆ ఐదుగురూ ఒకే వీధిలో ఉంటే ఆ వీధికి హద్దు లేనట్టే. సగటు చూసి ధైర్యపడటానికి లేదు.

సమోవాలో ఏం జరిగింది

సమోవా పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీప దేశం. జనాభా సుమారు 2 లక్షలు. 2018 జులైలో అక్కడ టీకా వేసిన కొద్దిసేపటికే ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టీకాలో దోషం లేదు. టీకా పొడిలో కలపవలసిన నీటికి బదులు పొరపాటున కండరాలను సడలించే మందు కలిపారు. విచారణలో ఆ సంగతి తేలింది. కానీ అప్పటికే భయం ఇంటింటికీ పాకింది. టీకా కార్యక్రమం నెలల తరబడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టినా చాలామంది తల్లిదండ్రులు రాలేదు. ఆ ఏడాది మొదటి డోసు పడిన పసిపిల్లలు మూడో వంతు కూడా లేరు.

2019 చివరలో బయటి నుండి తట్టు వచ్చింది. కొద్ది నెలల్లో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. 83 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఐదేళ్లలోపు పిల్లలు. డిసెంబరులో ప్రభుత్వం రెండు రోజులు దేశమంతా మూసివేసి, టీకా పడనివారు ఉన్న ఇళ్ల ముందు ఎర్ర గుడ్డ కట్టమని చెప్పింది. టీకా బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. రక్షణ హద్దు పైకి చేరింది, వ్యాధి ఆగింది.

సమోవా తల్లులు పిల్లల మీద ప్రేమ లేనివారా? కాదు. ఒక్కో తల్లీ తన బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకుంది. ఇరుగమ్మ మానేసింది కనుక పొరుగమ్మ మానేసింది. చీమలు పొడుగు దారినే పట్టుకున్నట్టు, భయం కూడా ఒకరి నుండి ఒకరికి వాసనలా చిక్కబడింది. ఎవరూ కోరనిది అందరూ కలిసి తెచ్చుకున్నారు.

గొలుసును తెంచిన మిషన్ డాక్టరు

అందరి చిన్న పనులూ కలిస్తే కీడు పుట్టినట్టే మేలు కూడా పుడుతుంది. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి బయటపడింది. లూథరన్ మిషన్ వైద్యుడిగా ఆ ప్రాంతానికి వెళ్లిన విలియం ఫేగీ దగ్గర అందరికీ వేయడానికి చాలినంత టీకా లేదు. అక్కడి మిషనరీలు రోజూ సాయంత్రం రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. ఫేగీ వారి సాయం అడిగాడు. వాళ్లు ఊరూరికీ మనుషులను పంపి, ఎక్కడెక్కడ మశూచి ఉందో తెలుసుకుని చెప్పారు. ఉన్న కొద్దిపాటి టీకాను ఆ రోగుల చుట్టూ ఉన్నవారికి, ఆ రోగులు రాకపోకలు సాగించే ఊళ్లకు వేశారు. జబ్బు పాకే దారులు మూసుకుపోయాయి. కొన్ని నెలల్లో ఆ ప్రాంతంలో మశూచి ఆగింది, జనాభాలో చాలామందికి ఇంకా టీకా పడకుండానే!

తర్వాత ఇదే పద్ధతిని మన దేశంలోనూ పాటించారు. 1975 మే నెలలో మన దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. 1980లో ప్రపంచమంతా ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. అందుకే ఇప్పటి పిల్లల ముఖాల మీద ఆ మచ్చలు లేవు, చేతి మీద ఆ టీకా గుర్తు కూడా లేదు.

మరి ఆ ఒక్క బాబు?

మళ్లీ మన ఓపీలోని తల్లి దగ్గరికి వద్దాం. "మా బాబు ఒక్కడికి వేయించకపోతే ఏమవుతుంది?" 

అమ్మా, మొదట నష్టపోయేది మీ బాబే. తట్టు వస్తే న్యుమోనియా రావచ్చు, మెదడువాపు రావచ్చు. రెండోది, మీ బాబు వేయి మందిలో ఒకడే కావచ్చు కానీ, అతడు ఒక గొలుసులో లంకె. మీ పక్కింట్లో ఆరు నెలల పాప ఉండవచ్చు, ఆ వయసుకు తట్టు టీకా ఇంకా వేయరు. ఎదురింట్లో కాన్సరుకు మందులు వాడుతున్నవారు ఉండవచ్చు, వారికి ఈ టీకా వేయకూడదు. గర్భిణులకూ వేయకూడదు. వీళ్లకు రక్షణ సూదిలో లేదు. చుట్టూ ఉన్న మనలో ఉంది. మూడోది, మీరు అడిగిన ప్రశ్నే ఈ రోజు ఇంకో వంద ఇళ్లలో అడుగుతున్నారు. "ఒక్కరమే కదా" అని అందరూ అనుకున్న రోజున ఊరికి హద్దు మిగలదు.

సూది వేసిన రాత్రి జ్వరం వస్తే తగ్గించడానికి మందుంది. ఒక్క రాత్రి నిద్ర పోతుంది, నిజమే. కానీ ఆ ఒక్క రాత్రి మీరు మేలుకుంటే, పేరు తెలియని ఇంకో ఇంట్లో ఒక పసిబిడ్డ హాయిగా నిద్రపోతుంది.

గుర్తుంచుకోండి

1. ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుండి 12 నెలల మధ్య, రెండో డోసు 16 నుండి 24 నెలల మధ్య వేయించాలి. ఒక్క డోసుతో ఆపవద్దు. మొదటి డోసు అందరు పిల్లల్లోనూ పనిచేయదు, రెండోది ఆ లోటు తీరుస్తుంది.

2. డోసు తప్పిపోయిందా? సిగ్గుపడి ఊరుకోవద్దు. టీకా కార్డు తీసుకుని వచ్చి అడగండి. ఆలస్యంగానైనా వేయవచ్చు.

3. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రని దద్దుర్లు వస్తే బిడ్డను బడికి, గుడికి, పెళ్లిళ్లకు తీసుకువెళ్లవద్దు. దద్దుర్లు కనిపించిన తర్వాత నాలుగు రోజుల వరకు జబ్బు ఇతరులకు అంటుకుంటుంది. ఆశా కార్యకర్తకు లేదా ఏఎన్ఎంకు చెప్పండి. ఆసుపత్రికి తెచ్చేముందు ఫోన్ చేసి చెబితే వేరే గదిలో చూస్తారు.

4. "అమ్మవారు పోసింది" అని మందు మానవద్దు. తట్టు వచ్చిన పిల్లలకు డాక్టరు సలహాతో విటమిన్ ఎ ఇప్పించాలి.

5. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి. దోమలన్నీ పోకపోయినా మీ శ్రమ వృథా కాదు. రాస్ లెక్క గుర్తుచేసుకోండి.

6. టీకా గురించి భయపెట్టే వార్త వింటే ఇంకొకరికి చెప్పేముందు నర్సునో, డాక్టరునో అడగండి. మాట కూడా జబ్బులాగే పాకుతుంది. దాన్ని మీ దగ్గర ఆపగలరు.